సాగునీటి పనివారి లైసెన్సులు – ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

సాగునీటి పనివారి లైసెన్సు అంటే బోరు వేసేవారు, పైపులైను పరిచేవారు, డ్రిప్పు బిగించేవారు, తోటలకూ పార్కులకూ నీటి ఏర్పాట్లు చేసేవారు ప్రభుత్వం నుంచి పొందవలసిన అనుమతి, రిజిస్ట్రేషన్ లేదా గుర్తింపు. పని తెలిసినవారి చేతికే పని దక్కాలనీ, నీరు వృథా కాకూడదనీ దీని ఉద్దేశం. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఈ లైసెన్సు నేరుగా పనివాడికే ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ముక్కలుగా ఉంది. బోరు యంత్రానికి రిజిస్ట్రేషన్, పైపుకు ఐఎస్‌ఐ ముద్ర, డ్రిప్పు కంపెనీకి ప్రభుత్వ గుర్తింపు, కాలువ కాంట్రాక్టరుకు క్లాసు ఉన్నాయి. పొలంలో కూర్చుని పైపు బిగించే ఫిట్టరుకు మాత్రం తప్పనిసరి లైసెన్సు లేదు. కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఈ ఏర్పాటు ఎలా నడుస్తున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, నీటి వనరులు

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు మండలాలు కర్ణాటక సరిహద్దును ఆనుకుని, లేదా దానికి దగ్గరగా ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలల్లో వేరుశనగ ఇక్కడి పాత పంటలు. మిరప, ఉల్లి, ఆముదం, కంది కూడా పండిస్తారు. ఆదోని రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. ఎమ్మిగనూరుకు చేనేత వల్ల పేరు వచ్చింది. వానలు తప్పిన ఏట పల్లెలు ఖాళీ అవుతాయి. కుటుంబాలు మిరప కోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు మూటాముల్లె కట్టుకుని వెళతాయి. దీన్నే ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు.

ఈ ప్రాంతపు ప్రధాన నీటి ఆధారం తుంగభద్ర దిగువ కాలువ. రైతుల నోట అది ‘ఎల్లెల్సీ’. హోస్పేట దగ్గరి జలాశయం నుంచి బయలుదేరే ఈ కాలువను సుమారు 250 కిలోమీటర్ల దాకా తుంగభద్ర బోర్డు నిర్వహిస్తుంది. కృష్ణా జలాల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ దీని కింద ఆంధ్రప్రదేశ్‌కు 24 టీఎంసీలు కేటాయించింది. కర్నూలు జిల్లాలో దీని ఆయకట్టు సుమారు 1.51 లక్షల ఎకరాలు. కాలువ దారి పొడవునా నీరు తగ్గుతూ వస్తుంది కనుక చివరి భూములకు అందేది తక్కువ. ఆదోని పట్టణపు తాగునీరు కూడా ఈ కాలువ నుంచే బసలదొడ్డి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుకు చేరుతుంది. 2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పొలాలతో పాటు ఈ పట్టణాల కుళాయిలకూ గుబులు పుట్టింది.

కాలువ పారని చోట్ల బోరే దిక్కు. అడుగున గట్టి రాయి ఉన్న ఈ నేలలో నీరు రాతి పగుళ్లలోనే దొరుకుతుంది. ఒక బోరులో రెండంగుళాల నీళ్లు పడితే పక్క పొలంలో దుమ్ము లేస్తుంది. అందుకే బోరు ఎక్కడ వేయాలి, ఎవరు వేయాలి, వచ్చిన నీటిని పైరుకు ఎలా చేర్చాలి అన్న మూడు ప్రశ్నల మీదే ఇక్కడి నీటి పొదుపు ఆధారపడి ఉంది.

చట్టాల చరిత్ర

భూగర్భ జలం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మన దేశంలో పాత జవాబు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది. భూమి ఎవరిదో, దాని అడుగు నీటిని తోడుకునే హక్కూ వారిదే. ఎడ్లతో కపిల తోలిన రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం రాలేదు. వందల అడుగుల లోతు నుంచి సబ్‌మెర్సిబుల్ మోటార్లు నీరు తోడడం మొదలయ్యాక ఒకరి హక్కు పక్కవారి బావిని ఎండగట్టింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తొలి అడుగు 1996లో వేసింది. తాగునీటి అవసరాల కోసం భూగర్భ జలాన్ని నియంత్రిస్తూ ఆ ఏడు ఒక చట్టం తెచ్చింది. దాని స్థానంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. అందరూ ‘వాల్టా’ అనేది దీన్నే. ఇది 2002 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. బావుల రిజిస్ట్రేషన్, కొత్త బోరుకు ముందస్తు అనుమతి, ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోర్ల మీద ఆంక్ష, నీటిని మితిమీరి తోడిన ప్రాంతాల ప్రకటన, వాననీటి ఇంకుడు ఏర్పాట్లు ఇందులోని ముఖ్యాంశాలు. పనివారికి సంబంధించిన నిబంధన ఒకటే: బోరు వేసే రిగ్గుల యజమానులు తమ యంత్రాలను రిజిస్టరు చేయించుకోవాలి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ వాల్టా కొనసాగుతోంది.

జాతీయ స్థాయిలో సుప్రీంకోర్టు ఆదేశంతో 1997 జనవరిలో కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2010 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు మరో ముఖ్యమైన ఉత్తర్వు ఇచ్చింది. వదిలేసిన బోర్లలో పసిపిల్లలు పడి చనిపోతున్న ఘటనలు దానికి కారణం. బోరు వేయడానికి 15 రోజుల ముందు భూయజమాని అధికారులకు తెలపాలి. డ్రిల్లింగ్ సంస్థలన్నీ జిల్లా యంత్రాంగం వద్ద రిజిస్టరు కావాలి. పని జరిగే చోట సంస్థ, యజమానుల చిరునామాలతో బోర్డు పెట్టాలి. నీళ్లు పడని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. పిల్లల ప్రాణాల కోసం వచ్చిన ఈ ఉత్తర్వు, బోరు వ్యాపారాన్ని దేశమంతటా రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది.

బోరు బండ్లు

ఆదోని డివిజన్ పల్లెల్లో రాత్రిపూట హోరెత్తించే బోరు బండ్లలో తమిళనాడు నంబరు ప్లేట్లవి తరచుగా కనిపిస్తాయి. నామక్కల్ జిల్లాలోని తిరుచెంగోడు దేశంలోకెల్లా పేరున్న బోరు రిగ్గుల కేంద్రం. అక్కడి బండ్లు దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరుగుతాయి. రైతుకూ బండికీ మధ్య స్థానిక ఏజెంటు ఉంటాడు. బేరం అడుగుల లెక్కన కుదురుతుంది. లోతు పెరిగేకొద్దీ అడుగు ధర పెరుగుతుంది; పైమట్టి జారకుండా బోరులో దించే కేసింగ్ పైపుకు వేరే లెక్క.

ఈ బేరంలో ఒక చిక్కు ఉంది. నీళ్లు పడ్డా పడకపోయినా బండివాడికి అడుగుల కూలి దక్కుతుంది. ‘ఇంకో వంద అడుగులు పోదాం’ అని రైతు ఆశపడితే వద్దనడం వల్ల అతనికి లాభం లేదు. బోరు ఎక్కడ వేయాలో పాయింటు పెట్టేది ఎక్కువగా కొబ్బరికాయనో వేపపుల్లనో పట్టుకుని పొలంలో తిరిగే పెద్దమనిషి. భూగర్భ జల శాఖ జియాలజిస్టు సర్వే తర్వాతి మాటే. రిగ్గు రిజిస్ట్రేషన్ బండి ఎవరిదో చెబుతుంది. కానీ డ్రిల్లరుకు రాయి గుణం తెలుసా, పూడికమట్టి పొరను దాటేదాకా కేసింగ్ దించాడా అన్నది ఆ కాగితంలో ఉండదు. కేసింగ్ పొట్టిగా వేస్తే మట్టి జారి మోటారు కూరుకుపోతుంది. రైతు మళ్లీ కొత్త బోరుకే పోతాడు.

2020 సెప్టెంబరు 28న రాష్ట్ర ప్రభుత్వం వైఎస్సార్ జలకళ పేరుతో ఉచిత బోర్ల పథకం ప్రారంభించింది. భూగర్భ జల సర్వే చేసి పాయింటు ఖాయం చేశాకే బోరు వేయాలన్నది ఇందులో షరతు. రిగ్గు కాంట్రాక్టర్లను టెండరు ద్వారా ఎంపిక చేశారు. సర్వేను, కాంట్రాక్టరు ఎంపికను ఒకే పనిలో కలిపిన ప్రయత్నంగా దీన్ని చెప్పుకోవచ్చు.

డ్రిప్పు కంపెనీలు, పైపు ముద్రలు

బిందుసేద్యాన్ని పెద్ద ఎత్తున రైతుకు చేర్చడానికి ఉమ్మడి రాష్ట్రం 2003 నవంబరులో ఆంధ్రప్రదేశ్ మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టును మొదలుపెట్టింది. 2015–16 నుంచి కేంద్రం మొదట ప్రధానమంత్రి కృషి సించాయి యోజన కింద, తర్వాత రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఈ పనికి నిధులు ఇస్తోంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం సాయం అందుతుంది. ఆపైన రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. రాయలసీమలో చిన్న రైతులకు రాయితీ సాధారణంగా 90 శాతం.

రాయితీ సొమ్ము పెద్దది కనుక నియంత్రణ కూడా దాని వెంటే వచ్చింది. ప్రాజెక్టు గుర్తింపు పొందిన కంపెనీలే సామగ్రి సరఫరా చేయాలి. సాళ్ల వెంట పరిచే లేటరల్ పైపుకు ఐఎస్ 12786, పైపులోనే డ్రిప్పర్లున్న ఇన్‌లైన్ రకానికి ఐఎస్ 13488, డ్రిప్పరుకు ఐఎస్ 13487, పీవీసీ పైపుకు ఐఎస్ 4985, తుంపర సేద్యపు పైపుకు ఐఎస్ 14151 ప్రమాణాలు ఉన్నాయి. రైతు దరఖాస్తు, పొలం పరిశీలన, రైతు వాటా చెల్లింపు, పని ఉత్తర్వు, బిగింపు, ట్రయల్ రన్, తుది తనిఖీ – ఈ వరుస పూర్తయ్యాకే కంపెనీకి రాయితీ డబ్బు విడుదలవుతుంది. బిగించాక కనీసం మూడేళ్లు కంపెనీ ఉచితంగా సర్వీసు చేయాలి. అదే భూమికి మళ్లీ రాయితీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి.

కాగితం మీద ఇది పటిష్ఠమైన లైసెన్సు వ్యవస్థే. అయితే గుర్తింపు కంపెనీకి, ముద్ర పైపుకు. పొలంలో పని చేసేది కంపెనీ డీలరు పంపిన ఫిట్టరు. అతను ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాడే. ఇంకో ఫిట్టరు వెంట తిరిగి పని నేర్చుకుని ఉంటాడు. పొలంలోని మోటారుకు వైరింగు చేయాలంటే విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు అనుమతి ఉన్న కాంట్రాక్టరు కావాలి. ఆ మోటారు తోడిన నీటిని ఎకరమంతా పంచే మనిషికి మాత్రం అలాంటి పరీక్ష లేదు.

ఫిట్టరు తప్పు నీటి తప్పు ఎలా అవుతుంది

ఒక ఎకరం పత్తి పొలాన్ని తీసుకుందాం. లేటరల్ పైపుల మధ్య 4 అడుగులు, డ్రిప్పరుకూ డ్రిప్పరుకూ మధ్య 2 అడుగులు ఎడం. ఎకరం 43,560 చదరపు అడుగులు కనుక డ్రిప్పర్లు దాదాపు 5,445 పడతాయి. ఒక్కొక్కటి గంటకు 4 లీటర్లు విడిచేదైతే మొత్తానికి గంటకు 21,780 లీటర్లు కావాలి. ఆ రైతు బోరు గంటకు 9,000 లీటర్లే ఇస్తుందనుకుందాం. అప్పుడు పొలాన్ని మూడు సెక్షన్లు చేసి, ఒక్కో దానికి వాల్వు పెట్టి, వంతులవారీగా తడపాలి. ఒక్కో సెక్షనుకు 7,260 లీటర్లు సరిపోతాయి; కొంత మిగులు కూడా ఉంటుంది.

ఫిట్టరు ఈ లెక్క వేయకుండా ఎకరమంతా, లేటరల్ పైపులకు నీరు పంచే ఒకే సబ్‌మెయిన్ పైపుకు కలిపితే ఒక్కో డ్రిప్పరుకు సగటున గంటకు 1.65 లీటర్లే వస్తాయి. అవైనా సమానంగా రావు. బోరు పక్క సాళ్లు బురదవుతాయి, చివరి సాళ్లు ఎండుతాయి. చివరి మొక్క వాడిపోతోందని రైతు మోటారును కరెంటున్నంత సేపూ ఆడిస్తాడు. పొదుపు కోసం వేసిన పైపే నీటిని మింగుతుంది. రెండేళ్లకు ‘డ్రిప్పు లాభం లేదు’ అని పైపులు చుట్టి చెట్టు కింద పడేసి, మళ్లీ మడవలు కట్టి పారిస్తాడు.

మరో తప్పు ఫిల్టరు దగ్గర జరుగుతుంది. ఇసుక వచ్చే బోరుకు, కాలువ నీరు నిలవ చేసిన గుంతకు ఒకే రకం ఫిల్టరు పనికిరాదు. గుంతలో పాచి పడుతుంది కనుక ఇసుక ఫిల్టరు కావాలి. ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీటికి అప్పుడప్పుడు యాసిడ్ పట్టించకపోతే డ్రిప్పర్ల రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. లేటరల్ చివరి మూతలు వారానికోసారి తీసి మడ్డి నీళ్లు వదలాలి. ఇవి చెప్పి, చేసి చూపించే మనిషి ఉంటే చాలు. లేకుంటే ఐఎస్‌ఐ పైపైనా అక్కరకు రాదు.

రైతు తానే చేసుకోగల పరీక్ష ఒకటుంది. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెడితే అది సరిగ్గా మూడు నిమిషాల్లో నిండాలి. మొదటి సాలులో ఒకటి, నడుమ ఒకటి, చివరి సాలు కొసన ఒకటి పెట్టి చూస్తే చాలు. మూడు గ్లాసులూ ఇంచుమించు ఒకేసారి నిండితే పని బాగా జరిగినట్టు.

కాలువ పనులు, పట్టణ తోటలు

కాలువ లైనింగ్, తూములు, పిల్లకాలువల పనులు చేసే కాంట్రాక్టర్లు రాష్ట్ర ప్రభుత్వం వద్ద స్పెషల్ క్లాసు, ఒకటి నుంచి ఐదో క్లాసు వరకు రిజిస్టరు అవుతారు. క్లాసు నిర్ణయమయ్యేది కాంట్రాక్టరు ఆర్థిక స్థోమత, చేసిన పనుల అనుభవం బట్టి. నీటి నష్టం ఎంత తగ్గించాడన్న లెక్క అందులో లేదు. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు కాలువ నిర్వహణలో భాగం దక్కింది. పని నాణ్యతను చూసే కళ్లు ఆ మేరకు పెరిగాయి.

అమెరికాలో ఈ లైసెన్సులకు మూలం ఎక్కువగా ఇళ్ల ముందు పచ్చిక బయళ్లు. ఆదోనిలో ఆ సమస్య చిన్నది. 2011 జనగణన ప్రకారం పట్టణ జనాభా సుమారు 1.66 లక్షలు. ఇక్కడ తోట పని అంటే మున్సిపల్ పార్కులు, పత్తి మిల్లుల ఆవరణలు, విద్యాసంస్థలు, కొత్త లేఅవుట్ల చెట్లు. మొక్కలు తరచుగా గోదావరి డెల్టాలోని కడియం నర్సరీల నుంచి వస్తాయి. తోట వేసేవారికి రాష్ట్రంలో ప్రత్యేక లైసెన్సు లేదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రేటింగుల్లో తక్కువ నీటితో బతికే మొక్కలకు గుర్తింపు ఉంది. అది కోరుకున్న భవనాలకే పరిమితం.

అమెరికా అనుభవం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 1979 నుంచి నీటి ఏర్పాట్ల పనివారికి ‘ఇరిగేటర్’ లైసెన్సు ఇస్తోంది. కాలిఫోర్నియాలో తోట పని కాంట్రాక్టరుకు సీ–27 అనే లైసెన్సు ఉంది. దానికి నాలుగేళ్ల పని అనుభవం, రాతపరీక్ష కావాలి. పెద్ద కరవు నడుస్తుండగా 2015లో ఆ రాష్ట్రం తోటల నీటి నియమావళిని కఠినం చేసింది. నార్త్ కరోలినా 2009 నుంచి ఇరిగేషన్ కాంట్రాక్టర్ల లైసెన్సును తప్పనిసరి చేసింది. 2006లో మొదలైన వాటర్‌సెన్స్ అనే అమెరికా కేంద్ర ప్రభుత్వ పథకం, నీటి పొదుపులో శిక్షణ ఇచ్చే సంస్థల సర్టిఫికెట్లకు గుర్తింపునిస్తుంది. వీటన్నిటిలో ఉమ్మడి అంశం ఒకటే: పరీక్ష పైపుకు పెట్టి ఊరుకోలేదు, మనిషికీ పెట్టారు.

శిక్షణ

మన దేశంలో భారత వ్యవసాయ నైపుణ్య మండలి ‘మైక్రో ఇరిగేషన్ టెక్నీషియన్’ అనే వృత్తికి ప్రమాణాలు రూపొందించింది. ఇందులో శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది ఉంటేనే పని ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. ఎమ్మిగనూరు మండలం బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం, ఆదోనిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివి ఇవి. ఫిట్టర్లకు పరీక్ష పెట్టే రోజు వస్తే దానికి కావలసిన పొలమూ పాఠం చెప్పే మనుషులూ ఇక్కడ దూరం పోకుండానే దొరుకుతారు.

విమర్శలు, పరిమితులు

లైసెన్సు పెడితే ఫిట్టర్లు తగ్గి కూలి పెరుగుతుందనీ, చదువు తక్కువైనా చేయి తిరిగిన పనివాడు నష్టపోతాడనీ ఒక అభ్యంతరం ఉంది. రాతపరీక్షకు బదులు పొలంలో చేసి చూపే పరీక్ష పెడితే ఇది చాలావరకు తీరుతుంది. రెండో అభ్యంతరం మరింత బరువైనది. మంచి డ్రిప్పుతో మిగిలిన నీరు భూమిలో మిగలదు. రైతు దానితో మరో ఎకరం తడుపుతాడు. పంట పెరుగుతుంది, బోరు మట్టం మాత్రం పైకి రాదు. పనివాడి నైపుణ్యం ఒక పొలంలో నీటిని పొదుపు చేయగలదు. ఊరి నీటిని కాపాడడానికి ఊరంతా కూర్చుని లెక్క చూసుకోవాలి.

అలాంటి ప్రయత్నం ఈ జిల్లాలోనే జరిగింది. నెదర్లాండ్స్ సాయంతో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం 2003 నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో అమలైంది. వాటిలో కర్నూలు ఒకటి. రైతులు తామే వానమానిని చూసి, బావుల మట్టం కొలిచి, రబీకి ముందు సభ పెట్టి, ఉన్న నీటికి ఏ పంట ఎన్నెకరాలు సరిపోతుందో గోడ మీద రాసుకునేవారు. దీన్ని పంటల నీటి బడ్జెట్ అన్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. లెక్క కళ్లెదుట కనిపించాక నిర్ణయం ఎవరికి వారు తీసుకున్నారు.

ప్రస్తుత స్థితి

ఈ ప్రాంతంలో బోరు వేయించే రైతు చూడవలసిన కాగితాలు రెండు: వాల్టా కింద తనకు రావలసిన అనుమతి, బండి రిజిస్ట్రేషన్. డ్రిప్పు వేయించే రైతు చూడవలసినవి మూడు: కంపెనీకి మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు గుర్తింపు, పైపు మీద ఐఎస్‌ఐ ముద్ర, మూడేళ్ల సర్వీసు హామీ. బిగించిన చేతికి నైపుణ్యం ఉందని చెప్పే ఆరో కాగితం ఇంకా తప్పనిసరి కాలేదు. అందాకా ట్రయల్ రన్ రోజున సంతకం పెట్టే ముందు చివరి సాలు కొసన గ్లాసు పెట్టి మూడు నిమిషాలు కూర్చోవడం రైతు చేతిలో ఉన్న తనిఖీ.